ఇచ్చట రాజకీయాలు మాట్లాడరాదు

నేను ఒక రేకు బోర్డును. అడుగున్నర పొడవు, ముప్పాతిక అడుగు వెడల్పు. నా ఒంటి మీద ఉన్నవి మూడే మాటలు: ఇచ్చట రాజకీయాలు మాట్లాడరాదు. ఇప్పుడు ఒక కోళ్లగూటికి పైకప్పుగా ఉన్నాను. కోళ్లు రాజకీయాలు మాట్లాడవు కాబట్టి నాకు ఉద్యోగ విరమణ అయిందనుకోవచ్చు. ఇరవై తొమ్మిదేళ్లు పొదిలి పాత బస్టాండు పక్కన మాలకొండయ్య సెలూన్లో, పెద్ద అద్దానికి పైన, మేకుకు వేలాడుతూ కొలువు చేశాను. ఆ కొలువు ఎలా పోయిందో చెబుతాను, వినండి.

మాలాంటివాళ్లం ఊరూరా ఉన్నాం. టీ కొట్లలో వేలాడే నా దాయాదుల బతుకు దండగ. వాళ్లను చదివినవాడు ముందు నవ్వుతాడు, తర్వాత గ్లాసు చేత్తో పట్టుకుని సరిగ్గా ఆ మాటే ఎత్తుతాడు. వద్దన్న పనే ముద్దు కదా మనిషికి. నా సంగతి అలా కాదు. నన్ను చదివేవాడి గొంతు మీద కత్తి ఉండేది. అందుకని నా మాట చెల్లింది. అది నా గొప్పే అని చాలా ఏళ్లు అనుకున్నాను. కత్తి గొప్ప అని తర్వాత తెలిసింది.

అంతకుముందు నేనొక డాల్డా డబ్బా పక్కరేకును. పెయింటర్ దావీదు నన్ను కత్తిరించి, సుత్తితో సాపు చేసి, రెండు పూటల్లో బోర్డును చేశాడు. అది ఎన్నికల కాలం. దావీదు పొద్దున ఒక పార్టీకి, సాయంత్రం ఇంకో పార్టీకి గోడలు రాస్తుండేవాడు. నా నేలకు పూసింది ఒక పార్టీ గోడ మీద మిగిలిన రంగు, అక్షరాలు దిద్దింది రెండో పార్టీ డబ్బా అడుగున మిగిలిన రంగు. ఏది ఏ పార్టీదో మాత్రం చెప్పను. నా ఒంటి మీద ఏం రాసి ఉందో మీకు గుర్తుందిగా.

నన్ను రాయించడానికి కారణం ఒక చెవి. ఆ ఎన్నికల్లోనే, కుర్చీలో సగం గడ్డంతో కూర్చున్న మిల్లు గుమాస్తా, బెంచీ మీదివాడు ఏదో అన్నాడని దిగ్గున లేచాడు. మాలకొండయ్య చేతిలో కత్తి అక్కడే ఉంది, చెవే కత్తి దగ్గరకు వచ్చింది. తమ్మె చివర గోరంత ముక్క ఎగిరి సబ్బు గిన్నెలో పడింది. మాలకొండయ్య అప్పుడు కుర్రవాడు, పెళ్లయి ఏడాది కాలేదు. మూడు రోజులు అన్నం సహించలేదు. నాలుగో రోజు దావీదు దగ్గరకు వెళ్లి నన్ను రాయించాడు. ఆ ఇరవై తొమ్మిదేళ్లలో అదొక్కటే ఆయన కత్తికి అంటిన రక్తం, ఆ చివరి ఏడాది వరకూ.

ఆయనది తేలిక చెయ్యి. ఊరంతా అనే మాట అది. గడ్డం గీస్తుంటే మనుషులు నిద్రపోయేవారు. ఆయనకున్న రెండో సద్గుణం, ఏ విషయం మీదా సొంత అభిప్రాయం లేకపోవడం. ఎవరేమన్నా "అంతేగా సామీ" అనేవాడు. ఒకడు తెల్లంటే అంతేగా, పక్కవాడు నల్లంటే అంతేగా. ఇద్దరూ తమ మాటే నెగ్గిందనుకుని తల దువ్వుకుని వెళ్లేవారు.

రాజకీయం మీద నేను తలుపు మూశానని మనుషులు ఊరుకుంటారా? అభిప్రాయం కడుపులో గాలి లాంటిది, ఒక దారి మూస్తే ఇంకో దారి చూసుకుంటుంది. మా సెలూన్లో అది పాటల్లోకీ, టీవీలో వచ్చే కుస్తీల్లోకీ మళ్లింది.

పాటలకు పెద్ద ఖాజావలి. పక్కనే క్యాసెట్ల కొట్టు అతనిది. క్యాసెట్లు పోయి సీడీలు వచ్చాయి, సీడీలు పోయి సెల్‌ఫోన్ కవర్లు వచ్చాయి, ఖాజావలి మాత్రం క్యాసెట్ల దగ్గరే ఆగిపోయాడు. "పాటంటే రెండో చరణంలో తెలియాల. పల్లవి ఎవుడైనా కడతాడు. ఇప్పటి పాటలకు రెండో చరణమే లేదే!" అనేవాడు. కొత్త పాట వస్తే మొహం చిట్లించి, అదే పాటను మధ్యాహ్నానికల్లా కూనిరాగం తీసేవాడు. ఆ సంగతి ఎవరైనా ఎత్తి చూపితే, "దోమ కుట్టినా గోక్కుంటాం, అంతమాత్రాన దోమ మంచిదా?" అని దబాయించేవాడు.

కుస్తీలకు పెద్ద యల్లమంద మాస్టారు. హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. రోజు విడిచి రోజు గడ్డానికి వచ్చేవారు, వస్తే మధ్యాహ్నం దాకా కదిలేవారు కాదు. తెర మీద కండల కొండలు ఒకణ్ణొకడు ఎత్తి పడేస్తుంటే, "అది కుస్తీ కాదయ్యా, డ్రిల్లు. పంద్రాగస్టుకు పిల్లకాయల చేత పిరమిడ్ కట్టించినోణ్ణి, నాకు తెలవదా? పడేవాడు ముందే ఊపిరి బిగబడతన్నాడు చూడు" అని తేల్చేవారు. అంతా నాటకమని తేల్చిన మనిషే, తన పొడుగు జుట్టు వస్తాదు కింద పడితే మాత్రం బెంచీ మీద నుంచి లేచి, "వెనకనించి కుర్చీతో కొట్టాడు, అన్యాయం!" అని అరిచేవారు.

"నాటకమంటిరే మాస్టారూ?" అని ఖాజావలి నవ్వేవాడు.

"నాటకమే. నాటకంలో మాత్రం న్యాయం వద్దా?"

ఇద్దరి మధ్యా మాలకొండయ్య గిన్నెలో నురగ తిప్పుతూ "అంతేగా" అనేవాడు. ఆ రోజులు నాకు ఇష్టం. వినడానికి పనికిమాలిన మాటలే. కానీ ముగ్గురు మనుషులు ఇరవై ఏళ్లకు పైగా రోజూ పోట్లాడుకుని, రోజూ ఒకే పొట్లంలో వేరుశనక్కాయలు తిన్నారంటే, ఆ మాటల్లో ఏదో ఉప్పు ఉన్నట్టే.

మాలకొండయ్యకు యాభై ఎనిమిదో ఏడు వచ్చింది. ఒక ఉదయం కాగితంతో సహా బ్లేడును సగానికి విరవబోయాడు. రోజుకు ముప్పైసార్లు చేసే పని. ఆ రోజు విరగలేదు. రెండోసారి వంకరగా విరిగింది. ఆయన తన కుడిచేతి వంక చూసుకున్నాడు. బొటనవేలూ చూపుడువేలూ వాటంతటవే, ఏదో నలుపుతున్నట్టు కదులుతున్నాయి. అద్దానికి పైన ఉన్నాను కాబట్టి కుర్చీలో ఉన్నవాడి ముఖమూ, వెనక ఉన్న చెయ్యీ నాకు రెండూ కనిపించేవి. నాకంటే ముందు ఆ వణుకును చూసినవాడు ఆయనొక్కడే.

మొదట్లో దాచాడు. నురగ తిప్పేటప్పుడు వణుకు తెలియదు, ఎందుకంటే ఆ పనే తిప్పడం. కత్తెర పనిలో కొంత దాగుతుంది. కత్తి దగ్గర దాగదు. చిటికెన వేలు ఎదుటివాడి దవడకు ఆనించి, దాన్ని ఆసరా చేసుకుని గీసేవాడు. మోచెయ్యిని డొక్కకు నొక్కిపెట్టి గీసేవాడు. అయినా సన్నటి గాట్లు పడేవి. మంటకు అద్దే పటిక రాయి ఆరు నెలలు వచ్చేదల్లా నెలకే బిళ్లంత అయింది. పటిక అరుగుదల చూసి నాకు గుండె జారిపోయేది. రేకుకు గుండె ఏమిటంటారా? ఇన్నేళ్లు ఒకే మనిషిని పైనుంచి చూస్తే మీకూ తెలుస్తుంది.

ఒంగోలు వెళ్లి చూపించుకున్నాడని ఆయన భార్య పెంచలమ్మ వచ్చి తగువేసుకుంటే తెలిసింది. మధ్యాహ్నం, కొట్లో ఎవరూ లేరు. అన్నం క్యారియరు బల్ల మీద ఠప్పున పెట్టింది.

"ఏమయ్యా, డాకటరు ఏం జెప్పాడు? నరాల జబ్బు, బిళ్లలతో తగ్గుద్దిగానీ పోదు, కత్తి పని మానెయ్‌మన్లా?"

"అన్నాడు."

"మరి ఇదేంది చేతిలో?"

"కత్తి మానేస్తే నేనెవుణ్ణే?" అన్నాడు మాలకొండయ్య. "ఈ ఊళ్లో జనం వచ్చేది నా కోసం కాదు, నా చేతి కోసం. అది లేదంటే రేపు ఈ గుమ్మంలో నన్ను పలకరించేవాడుండడు. నాకు మాటలు కూడా రావు పెంచలా. ఇంతకాలం అంతేగా, అంతేగా అని బతికినోణ్ణి."

 పెంచలమ్మ ముద్దలు కలిపి పెట్టి, వణికే చేత్తో ఆయన తినడం అయ్యేదాకా వీధి వైపు చూస్తూ కూర్చుంది.

మళ్లీ ఎన్నికలు దగ్గరపడ్డాయి. ఒకరోజు ఎరువుల కొట్టు నారపరెడ్డి గడ్డానికి కూర్చుని, నన్ను చూసి కూడా ఆగలేక, ఎవరికి సీటిచ్చారో, ఎవరికి ఇవ్వలేదో చెప్పడం మొదలుపెట్టాడు. కత్తి జారింది. దవడ కింద అంగుళం పొడవున గాటు పడి రక్తం కారింది. నారపరెడ్డి కదల్లేదు. నేను చూశాను, ఆయన పెదవులు తప్ప ఏదీ కదల్లేదు.  మాలకొండయ్య క్షమించమనడానికి నోరు తెరిచాడో లేదో, నారపరెడ్డి నా వైపు వేలు చూపించాడు.

"నాదే తప్పులే మాలకొండయ్యా. బోర్డు పెట్టింది ఇందుకేగా. మాట్లాడతా తల ఊపినట్టున్నా."

మాలకొండయ్య నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండి, తర్వాత మూసుకున్నాడు. ఆ మూసుకోవడమే ఆయన చేసిన మొదటి తప్పు. నిజం చెప్పడానికి అర నిమిషం టైము దొరికింది, దాన్ని పటిక రుద్దుతూ గడిపేశాడు.

మర్నాడు వెల్ల వేయాలన్న వంకతో నన్ను మేకు మీద నుంచి దించాడు. వెల్ల వేయనూ లేదు, నన్ను తిరిగి తగిలించనూ లేదు. టీవీ బల్ల పక్కన గోడకు ఆనించి ఉంచాడు. అక్కడి నుంచి చూస్తూ ఉండగా నాకు అర్థమైంది. ఇరవై తొమ్మిదేళ్లు ఏ మాట రాకూడదని నన్ను కాపలా పెట్టాడో, ఆ మాటను ఇప్పుడు ఆయనే పిలుస్తున్నాడు. నురగ రాసి, బ్లేడు బిగించి, సరిగ్గా కత్తి ఆనించబోయే ముందు అడిగేవాడు:

"ఈసారి ఎవరొస్తారంటారు సామీ?"

అంతే. ఆ మనిషి పూనకం వచ్చినట్టు మాట్లాడేవాడు. వాడు చెప్పేది వాడికే నచ్చి తల ఊపేవాడు. గాటు పడేది. "అబ్బ, కదిలితే ఎట్టా సామీ!" అనేవాడు మాలకొండయ్య. "నాదే తప్పులే" అనేవాడు వాడు. గాయపడ్డవాడే క్షమాపణ చెప్పి, పటిక రాయించుకుని, మళ్లీ వస్తానని వెళ్లేవాడు. నిజంగా కదిలేవారు కొందరే. కదలనివాళ్లకు కూడా తాము కదిలామనే అనిపించేది. రాజకీయం మాట్లాడిన మనిషికి తన ఒళ్లు తన స్వాధీనంలో ఉందన్న నమ్మకం ఉండదు కాబోలు.

మనుషులను మోసం చేయడం ఇంత తేలికని ఆయనకు తెలియదు. తెలిశాక నిద్ర పట్టేది కాదేమో, పొద్దున్నే కళ్లు ఎర్రగా వచ్చేవాడు. గిరాకీ వెళ్లిన ప్రతిసారీ వాష్‌బేసిన్ దగ్గర కత్తిని కడిగి, ఇంకోసారి కడిగి, మూడోసారి కూడా కడిగేవాడు. ఒక్కోసారి నా వైపు చూసేవాడు. నా మీద రాసి ఉన్నది చదవడానికి కాదు, నేను చూస్తున్నానేమోనని.

తలుపు ఒకసారి తీశాక ఏది వస్తుందో మన చేతిలో ఉండదు. ఒకరోజు మాస్టారు కుర్చీలో, ఖాజావలి బెంచీ మీద ఉన్నారు. టీవీలో కుస్తీ నడుస్తోంది. మాలకొండయ్య కత్తి ఎత్తి అదే మాట అడిగాడు. మాస్టారు ఒక పేరు చెప్పారు. ఖాజావలి ఇంకో పేరు చెప్పాడు. మామూలు పోట్లాటే అనుకున్నాను నేను. పాటల మీద, వస్తాదుల మీద ఇంతకంటే గట్టిగా అరుచుకున్నవాళ్లే. కానీ మాట మీద మాట పెరిగింది, రోడ్డన్నారు, మంచినీళ్ల పైపన్నారు, చివరకు మాస్టారు నురగ మూతితోనే అనేశారు:

"మీవాళ్ల సంగతి తెలిసిందేలే, అందరూ ఒకడికే గుద్దుతారు."

ఖాజావలి నవ్వబోయి ఆగాడు. టీవీలో జనం కేకలు వేస్తున్నారు.

"మావాళ్లెవురు మాస్టారూ?" అన్నాడు నెమ్మదిగా. "ఇరవై ఏళ్లబట్టి ఈ బెంచీ మీద కూర్చునే మనిషిని నేను. నేను మీవాణ్ణే అనుకుంటన్నా."

లేచి వెళ్లిపోయాడు. వేరుశనక్కాయల పొట్లం బెంచీ మీదే ఉంది. మాస్టారు పిలవడానికి తల తిప్పబోయారు, సరిగ్గా అప్పుడే కత్తి ఆయన చెంప మీద దిగింది. తల తిప్పకముందే దిగింది. నేను చూశాను. ఆయన మాత్రం అద్దంలో తన రక్తం చూసుకుని, "మంచి పని అయింది నాకు" అన్నారు. పటిక కూడా వద్దన్నారు.

ఆ తర్వాత ఖాజావలి సెలూన్ గడప తొక్కలేదు. గోడకు అటువైపు అతని పాత పాటలు వినపడేవి, మనిషి కనపడేవాడు కాదు. మాస్టారు వచ్చేవారు గానీ టీవీ పెట్టించేవారు కాదు. గడ్డం అయ్యాక చెంప తడుముకుంటూ వెళ్లిపోయేవారు. తన చెయ్యి కోసం మాలకొండయ్య ముగ్గురి స్నేహాన్ని తెగ్గోశాడు. ఆ సంగతి ఆయనకు తెలుసు, నాకు తెలుసు. చెప్పే నోరు ఇద్దరికీ లేదు.

గోరుచుట్టు మీద రోకటిపోటు అన్నట్టు, ఒక మధ్యాహ్నం మాస్టారు నవ్వుముఖంతో వచ్చారు. చాలాకాలానికి నవ్వారు.

"వచ్చే గురువారం మా మనవడికి పుట్టెంట్రుకలు తీయించాల. పదకొండో నెల. మా నాయనకు మీ తాత, నాకు మీ నాయన, మా పిల్లలకు నువ్వు. జుట్టు మూటగట్టి కొండకు తీసకపోతాం గానీ, కత్తి మాత్రం నీదే పడాల. పొద్దున తొమ్మిదికి ఇక్కడికే వస్తాం."

మాలకొండయ్య "అంతేగా మాస్టారూ" అన్నాడు. ఆ రెండో మాట సగంలో విరిగింది. మాస్టారు సంతోషంలో ఉన్నారు, గమనించలేదు.

బుధవారం మధ్యాహ్నం షట్టరు సగం దించి, సంచిలోంచి ఒక లేత సొరకాయ తీశాడు. సన్నటి నూగుతో నున్నగా ఉంది. దాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, తడిపి, నురగ రాసి, కొత్త బ్లేడుతో గీయడం మొదలుపెట్టాడు. వణికే చేతిని ఎడమచేత్తో పట్టుకుని గీశాడు. పళ్లు బిగబట్టి గీశాడు. దేవుడికి దణ్ణం పెట్టుకుని గీశాడు. అయ్యాక కడిగి చూసుకుంటే సొరకాయ మీద ఏడు గాట్లు, ప్రతి గాటులోంచి బొట్లుగా నీరు ఊరుతోంది. ఆయన ఆ కాయను ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. క్యారియరు కోసం వచ్చిన పెంచలమ్మ దాన్ని చూసింది, ఆయన్ను చూసింది, కాయను చెంగులో పెట్టుకుని పులుసుకు తీసుకెళ్లింది.

గురువారం పొద్దున నన్ను తుడిచి మళ్లీ మేకుకు తగిలించాడు. ఆ రోజు ఎవరూ మాట్లాడకూడదు, ఎవరూ అరవకూడదు. ఆ రోజు ఆయనకు సాకు అక్కర్లేదు, చెయ్యి కావాలి. కానీ పైకెక్కాక నాకు ఒక సంగతి తట్టింది. ఇంకా మాటలే రాని ఈడు ఆ బిడ్డది. పదకొండు నెలల పసివాడు ఏ పార్టీ అని చెబుతాడు? కత్తి దిగితే వాడు "నాదే తప్పులే" అంటాడా?

తొమ్మిదింటికి వచ్చారు. మాస్టారు, బిడ్డ తల్లి, మేనమామ, పళ్లెం పట్టుకుని మేనత్త. మేనమామ కుర్చీలో కూర్చుని బిడ్డను ఒళ్లో పెట్టుకున్నాడు. వాడు కొత్త చొక్కాలో, వత్తైన జుట్టుతో, అందరి ముఖాలూ చూసి ఏడుపు అందుకోబోయాడు. "టీవీ పెట్టు మాలకొండయ్యా, కుస్తీ చూస్తే కదలడు. నా ఒళ్లో కూర్చుని రోజూ చూస్తాడు" అన్నారు మాస్టారు. పెట్టాడు. నిజమే, వస్తాదులు ఎగిరెగిరి పడుతుంటే వాడు నోరు తెరిచి, బొమ్మలాగా ఉండిపోయాడు. మేనమామ కత్తెరతో మూడు కుచ్చులు కత్తిరించి పళ్లెంలో వేశాడు. మేనత్త పసుపునీళ్లతో తల తడిపింది.

ఇక కత్తి.

మాలకొండయ్య బ్లేడు బిగించాడు. ఎడమచెయ్యి బిడ్డ తల మీద ఆనించాడు. తడిసిన జుట్టు పక్కకు జరిగి, నడినెత్తిన మాడు కనిపించింది. ఎముక ఇంకా పూర్తిగా కలవని చోటు, పలచటి చర్మం కింద నాడి కొట్టుకుంటోంది. ఆ చోటికి జానెడు పైన కత్తి వణుకుతోంది. బిడ్డ కదలడం లేదు. ఒక్క రవ్వ కూడా కదలడం లేదు. కొట్లో కదులుతున్నది ఆ కత్తి ఒక్కటే.

ఆయన తలెత్తి నన్ను చూశాడు. నేనేం చెప్పగలను? నాకు వచ్చింది మూడే మాటలు, వాటిలో ఒక్కటీ ఆ నిమిషానికి పనికిరాదు.

"ఏంది మాలకొండయ్యా, ముహూర్తం దాటిపోతంది" అన్నారు మాస్టారు.

మాలకొండయ్య కత్తిని బల్ల మీద పెట్టాడు. కుడిచేతిని పైకెత్తి, అందరూ చూసేలా, అద్దం ముందు పట్టుకున్నాడు. అది గాలిలో దానికదే వణికింది.

"నా చేత కాదు మాస్టారూ" అన్నాడు. "ఏడాదిబట్టి ఇట్టాగే ఉంది. బిడ్డ మీద నేను కత్తి పెట్టలేను."

ఇరవై తొమ్మిదేళ్లలో నలుగురి ముందు ఆయన నోట నేను విన్న మొదటి సొంత అభిప్రాయం అది. మాస్టారుకు మొదట అర్థం కాలేదు. టీవీ వంక, బిడ్డ వంక, ఆ చెయ్యి వంక చూశారు. ఆయన వేళ్లు వాటంతటవే చెంప మీది మచ్చ దగ్గరకు వెళ్లాయి.

"అయితే ఈ గాట్లు..."

"నావే మాస్టారూ. నారపరెడ్డివీ నావే. బోర్డు దించింది కూడా అందుకే. మీ చేత మాట్లాడించింది నేను, తగువు పెట్టించింది నేను." మాలకొండయ్య ఎత్తిన చెయ్యి దించాడు. "ఖాజావలి లేచి వెళ్లిపోయిన రోజు... మీరు కదల్లేదు. మీరెప్పుడూ కదల్లేదు మాస్టారూ."

 మేనత్త పళ్లెంలోని మూడు కుచ్చులను పసుపుగుడ్డలో చుట్టింది. మేనమామ బిడ్డను ఎత్తుకుని లేచాడు, టీవీ కనపడక వాడు గుక్కపట్టి ఏడ్చాడు. మాస్టారు గుమ్మం దాకా వెళ్లి ఆగారు. ఏదో అంటారని నేనూ, మాలకొండయ్యా చూశాం. ఏమీ అనకుండా చెప్పులేసుకుని వెళ్లిపోయారు. తిట్టినా బాగుండేది. ఆ బిడ్డ ఏడుపు బస్టాండు మలుపు దాకా వినపడింది.

ఆ వారంలోనే సెలూన్ మూతపడింది. కుర్చీ ఎవరో దర్శి వాళ్లు తీసుకెళ్లారు. అద్దం ఇంకెవరికో పోయింది. నన్ను ఎవరడుగుతారు? మాలకొండయ్య చంకలో పెట్టుకుని ఇంటికి తెచ్చాడు. కోళ్లగూటి కప్పు కారుతోందని పెంచలమ్మ నన్ను దాని మీద పరిచి, రాయి బరువు పెట్టింది. ఇక్కడి నుంచి వసారా అంతా కనిపిస్తుంది. ఆ వసారాలో ఒక ప్లాస్టిక్ కుర్చీలో ఆయన పొద్దుటి నుంచీ పొద్దుగూకేదాకా కూర్చునేవాడు. కుడిచేతిని తువ్వాలు కింద దాచుకునేవాడు. ఎవరూ రాలేదు. ఆయన భయపడ్డదే జరిగింది. ఊరందరి గడ్డాలూ గీసిన మనిషికి తన గడ్డం గీసుకునే చెయ్యి లేదు, ఇంకో మంగలి ముందు కూర్చునే ముఖం లేదు. గడ్డం తెల్లగా, దుబ్బుగా పెరిగింది. పెంచలమ్మ అడిగితే "ఎవురు చూడొచ్చారులే" అనేవాడు. అన్నం ముందు పెట్టుకుని ముట్టకుండా లేచేవాడు. ఈ మనిషి ఇలాగే ఆరిపోతాడని నేను నమ్మాను.

పద్దెనిమిదో రోజు ఉదయం గేటు చప్పుడైంది. ముందు యల్లమంద మాస్టారు. చేతిలో చిన్న గిన్నె, బ్రష్షు, కొత్త బ్లేడు. వెనక నాలుగడుగుల ఎడంలో ఖాజావలి. చంకలో చేతి అద్దం. మాస్టారే అతని కొట్టుకు పోయి పిలుచుకొచ్చినట్టున్నారు, కానీ ఇద్దరి ముఖాలూ చెరో వైపు ఉన్నాయి. మాస్టారు గుండు గీయించుకుని ఉన్నారు. కొండ మీద బిడ్డకు తీయించినప్పుడు తానూ ఇచ్చి వచ్చారట.

మాలకొండయ్య లేవబోయాడు.

"కూర్చో" అన్నారు మాస్టారు, డ్రిల్లు గొంతుతో. "ఏంది ఆ గడ్డం? అడివి."

"మీరు గీయడమేంది మాస్టారూ! మీరెప్పుడన్నా కత్తి పట్టారా? ఎవురన్నా చూస్తే..."

"చూడనీ. నోరు ముయ్యి, నురగ పోద్ది."

మాలకొండయ్య ముఖానికి ఆయన నురగ రాశారు. కళ్ల దాకా రాశారు. ఖాజావలి ఎదురుగా నిలబడి అద్దం పట్టుకున్నాడు. మాస్టారూ అతనూ ఇంకా ఒక్క మాట కూడా అనుకోలేదు. వాళ్ల మధ్య మాలకొండయ్య ముఖం ఉంది. మాస్టారు కత్తిని కర్రలాగా గుప్పిట్లో పట్టుకున్నారు. ఇరవై తొమ్మిదేళ్ల అనుభవంతో చెబుతున్నాను, అంత దరిద్రంగా కత్తి పట్టినవాణ్ణి నేను చూడలేదు. మాలకొండయ్య కళ్లు మూసుకుని ఊపిరి బిగబట్టాడు. రెండు గీతలు బాగానే పడ్డాయి. మూడో గీత గడ్డం కింద మలుపు దగ్గర కసుక్కుమంది. తెల్లటి నురగలో ఎర్రటి చుక్క ఊరి, పెద్దదై, కిందికి జారింది.

మాస్టారు చెయ్యి ఆగిపోయింది. రక్తాన్ని చూశారు. మాలకొండయ్యను చూశారు. తర్వాత తల పైకెత్తి, గట్టిగా అన్నారు:

"నువ్వు కదిలావు."

మాలకొండయ్య కళ్లు తెరిచాడు. మూసి ఉన్నప్పుడు లేని నీళ్లు వాటి నిండా ఉన్నాయి.

"అంతేగా మాస్టారూ" అన్నాడు. "నేనే కదిలాను."

ఖాజావలి అద్దం దించి, చొక్కా జేబులోంచి పటిక ముక్క తీసి చేయి చాపాడు. ఎవరికని చెప్పలేదు. మాస్టారు ఒక్క క్షణం ఆగి, ఆ చేతిని అలాగే పట్టుకుని, దాంతోనే పటికను గాటు మీద ఒత్తారు. మాలకొండయ్య మంటకు ముఖం చిట్లించాడు. ఒళ్లోంచి తువ్వాలు జారి కింద పడింది. దాని కింద ఆయన కుడిచెయ్యి వణుకుతోంది. తీసి మళ్లీ కప్పుకోవాలని ఆయనకు తోచలేదు.